‘జనం గాబరా పడతారు’ అనే సాకు

పరవాడలోనో పాశమైలారంలోనో ఒక రసాయన కర్మాగారం గోడ పక్కన కాపురముండే మనిషి, "ఈ ట్యాంకుల్లో ఏముంది? అది బయటికొస్తే మేం ఏం చెయ్యాలి?" అని అడిగాడనుకోండి. యాజమాన్యం చెప్పే జవాబు, అధికారి చెప్పే జవాబు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అత్యవసర ప్రణాళిక ఉంది, అన్ని శాఖల దగ్గరా కాపీలున్నాయి, మీరేం కంగారు పడక్కర్లేదు. ఇంకాస్త గట్టిగా అడిగితే అసలు మాట బయటికొస్తుంది. ఇవన్నీ జనానికి చెబితే లేనిపోని గాబరా పుడుతుంది, ఏ కాస్త వాసన తగిలినా ఊరంతా రోడ్డెక్కుతుంది, అని. ఈ మాట ఇంజనీర్లు అనగా విన్నాను, రెవెన్యూ వాళ్లు అనగా విన్నాను. పర్యావరణం మీద ఉపన్యాసాలిచ్చే ప్రొఫెసర్లు అనగా కూడా విన్నాను. చదువుకున్నవాళ్లలో ఇంతగా పాతుకుపోయింది కాబట్టే దీన్ని పట్టించుకోక తప్పడం లేదు.

ముందుగా చెప్పినందువల్ల జనం గాబరాపడి ప్రాణాలు పోగొట్టుకున్న రసాయన ప్రమాదం ఒక్కటి చూపించమని వీళ్లను అడుగుతున్నాను. చెప్పనందువల్ల పోయిన ప్రాణాల లెక్క కావాలంటే భోపాల్ నుంచి మొదలుపెట్టొచ్చు.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ గాలిలోకి లేచింది. అక్కడ సైరన్ లేదని కాదు. లోపల పనిచేసేవాళ్లను హెచ్చరించే మోతను, బయట బస్తీలను హెచ్చరించే మోతను అంతకుముందే విడదీసి పెట్టారు. చిన్నాచితకా లీకులకు బస్తీవాళ్లు బెదిరిపోకూడదన్నది దానికి చెప్పిన కారణం. ఆ రాత్రి బయటి సైరన్ కాసేపు మోగి ఆగిపోయింది. మళ్లీ గట్టిగా మోగేసరికి విషం ఇళ్లలోకి చొరబడిపోయింది. ఆ వాయువు నీటితో చర్య జరుపుతుంది కాబట్టి, తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకోమని ముందెప్పుడైనా ఎవరైనా చెప్పి ఉంటే కొందరికైనా ఊపిరి దక్కేది. ఎవరూ చెప్పలేదు. రోగులు గుట్టలుగా వచ్చి పడుతుంటే, దేనికి వైద్యం చేస్తున్నారో ఆసుపత్రుల్లో డాక్టర్లకే తెలియదు. జనానికి గాబరా పుట్టకూడదన్న సూత్రం భోపాల్‌లో తు.చ. తప్పకుండా అమలైంది.

ముప్పై అయిదేళ్ల తరవాత మన విశాఖలో. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం పక్కనున్న ఎల్‌జీ పాలిమర్స్‌లో ఎం6 అనే ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి ఎగజిమ్మింది. లాక్‌డౌన్‌లో పనులు ఆగి ఉన్న ప్లాంటు అది. స్టైరిన్‌ను చల్లగా ఉంచకపోతే, దాన్ని అదుపులో ఉంచే మందు తగినంత కలపకపోతే, అది తనలో తానే గడ్డకట్టడం మొదలుపెట్టి వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి ఆ పని ఇంకా జోరందుకుంటుంది. పన్నెండు మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ రెండు నెలల్లో నివేదిక ఇచ్చింది. అందులో తప్పుల చిట్టా పొడుగైనదే గానీ, నా వాదానికి కావలసింది ఒక్కటే. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల మీటలున్నాయి, గేటు దగ్గర కూడా ఉంది. ఒక్కటీ ఎవరూ నొక్కలేదు. నిద్రలో ఉన్న ఊరు ముక్కు మండి, కళ్లు మండి తనంతట తానే లేచింది. ఎటు వెళ్లాలో తెలియక కొందరు ఆవిరి వస్తున్న వైపుకే పరుగెత్తారు. రోడ్ల మీద, కాలువల పక్కన పడిపోయారు. పరుగులో పడి ప్రాణాలు పోయినవాళ్లు కూడా ఉన్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. గాబరా అంటే ఇదే కదా? దీన్ని పుట్టించింది సమాచారమా, సమాచారం లేకపోవడమా?

ఆ మరుసటి రాత్రి జరిగింది చాలామంది మరిచిపోయారు. ట్యాంకు ఇంకా చల్లబడలేదు. అదుపు చేసే మందు చాలినంత ఇక్కడ లేక గుజరాత్ నుంచి విమానంలో తెప్పించారు. (ఒక ట్యాంకు నిండా స్టైరిన్ పెట్టుకున్న చోట దాని విరుగుడు ఎందుకు లేదన్నది ఇంకో వ్యాసానికి సరిపోయే ప్రశ్న.) ఆ రాత్రి మళ్లీ ఆవిర్లు లేచాయన్న కబురు పాకింది. అయిదు కిలోమీటర్ల మేర ఖాళీ చెయ్యాలని ఒక శాఖవాళ్లన్నారు. రెండు కిలోమీటర్లు దాటినవాళ్లు భయపడనక్కర్లేదని ఇంకో శాఖవాళ్లన్నారు. వేలమంది పిల్లాజెల్లాతో ఆ రాత్రంతా రోడ్ల మీద గడిపారు. జనం గాబరా పడ్డారని దీన్ని ఉదాహరణగా చూపించేవాళ్లున్నారు. ఆ జనం పాటించడానికే సిద్ధంగా ఉన్నారు, పాటించాల్సిన మాటే రెండు రకాలుగా వచ్చిందన్న సంగతి వాళ్లు ఎత్తరు.

విపత్తుల్లో మనుషులు ఎలా ప్రవర్తిస్తారన్న విషయం మీద అమెరికాలో ఎన్రికో క్వారంటెల్లి అనే సామాజిక శాస్త్రవేత్త 1950ల నుంచి దశాబ్దాల పాటు పనిచేశాడు. ఆయనా ఆయన తరవాతివాళ్లూ తేల్చింది ఏమిటంటే, సినిమాల్లో చూపించే ఒళ్లెరగని పరుగు నిజ జీవితంలో చాలా అరుదు. మనుషులు ముందు పక్కవాణ్ని అడుగుతారు, పిల్లల్ని వెతుక్కుంటారు, ముసలివాళ్లను భుజాన వేసుకుంటారు. అంతదూరం పోనక్కర్లేదు, మన తీరానికే రండి. మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే ఏమిటో, పదో నంబరు ఎగరేశారంటే ఏమిటో భీమిలిలో మత్స్యకారుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 1977లో దివిసీమ ఉప్పెనకు వేలమంది కొట్టుకుపోయిన తరవాత తుపాను హెచ్చరిక అనేది ఊరి భాషలో, మైకులో, టముకుతో, రేడియోలో, ఇప్పుడు ఫోనులో ఇంటింటికీ చేరుతోంది. పదో నంబరు కన్నా భయపెట్టే మాట ఇంకేముంది? దానికి తీరమంతా గుండె ఆగి పడిపోవడం లేదు. పడవలు పైకి లాగుతారు, బియ్యం మూట కడతారు, తుపాను షెల్టరుకు నడుస్తారు. తుపాను గురించి చెబితే తెలివిగా నడుచుకునే మనిషి, క్లోరిన్ గురించి చెబితే మాత్రం పిచ్చెత్తిపోతాడా?

పల్లెటూరివాళ్లకు రసాయనాల పేర్లేం తెలుస్తాయన్నది దీని తోబుట్టువైన వాదం. తెలియాల్సింది పేర్లు కాదు, పనులు. అవి రసాయనాన్ని బట్టి మారతాయి కాబట్టే ముందుగా చెప్పాలి. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో, రొయ్యల ప్లాంట్లలో ఉండే అమ్మోనియా నీటిలో ఇట్టే కరుగుతుంది. దానికి తడిగుడ్డ కొంత పనిచేస్తుంది. స్టైరిన్ నీటిలో కరగదు, ఆ గుడ్డను నమ్ముకుంటే లాభం లేదు. మంచినీళ్ల శుద్ధి కేంద్రాల్లో టన్నర్లు అని పిలిచే పెద్ద సిలిండర్లలో, ఒక్కొక్కదానిలో 900 కిలోల దాకా క్లోరిన్ ఉంటుంది. అది గాలి కన్నా బరువు, పల్లంలో చేరుతుంది, కాబట్టి మెరకకు ఎక్కాలి. ఎల్‌పీజీ అయితే లైటు స్విచ్చి ముట్టుకోకూడదు, పొయ్యి వెలిగించకూడదు, బండి స్టార్ట్ చెయ్యకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ అన్నిటికన్నా టక్కరిది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, మోతాదు పెరిగాక ముక్కును మొద్దుబారుస్తుంది. వాసన పోయింది కదా అని వెనక్కి వచ్చినవాడు అక్కడే కూలిపోతాడు. గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి ఎదురు పోకుండా, దాని వెంట పోకుండా అడ్డంగా పోవాలి. ఫ్యాక్టరీ లోపలివాళ్లకు విండ్‌సాక్ ఉంటుంది. ఊళ్లో గుడి మీది జెండాయో, దండెం మీద ఆరేసిన చీరో చాలు. ఇందులో పదో తరగతి చదివిన పిల్లకు అర్థం కానిది ఏముందో చెప్పండి.

ఇదంతా మనకెందుకు, ఫైర్ వాళ్లూ ఎన్డీఆర్ఎఫ్ వాళ్లూ చూసుకుంటారు కదా అనే మాట కూడా వస్తుంది. వాళ్లు వస్తారు, ప్రాణాలకు తెగించి పనిచేస్తారు కూడా. కానీ వాళ్లు రావడానికి టైము పడుతుంది. గోడ అవతలి వీధికి ఆవిరి చేరడానికి నిమిషాలు చాలు. ఆ నడుమ మంచం మీద ఉన్న నాయనమ్మను ఎవరు లేపాలి, ఏ దారిన తీసుకుపోవాలి అన్నది ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి, పక్కింటివాళ్లే చెయ్యెయ్యాలి. తొలి అరగంటలో కాపాడేవాళ్లు ఊరివాళ్లే అయినప్పుడు, వాళ్ల చేతికి ఇవ్వకుండా బీరువాలో పెట్టిన కాగితాలను ప్రణాళిక అని ఎలా అంటాం?

ఆ కాగితాలు బతికి బయటపడే ఒకే ఒక్క రోజు మాక్ డ్రిల్ రోజు. అలాంటిదొకటి దగ్గరుండి చూశాను, ఏ కంపెనీ అన్నది వదిలేద్దాం. పదకొండింటికి ‘ప్రమాదం’ జరుగుతుందని ముందురోజే సర్క్యులర్ వెళ్లింది. గేటు దగ్గర ఫ్లెక్సీ, లోపల షామియానా, ముఖ్య అతిథికి బొకే. గాయపడినవాళ్లుగా నటించడానికి నలుగురు కాంట్రాక్టు కుర్రాళ్లను ఎంచారు. వాళ్లలో ఒకడు స్ట్రెచర్ మీద పడుకుని ఫోను చూసుకుంటుంటే సూపర్‌వైజర్ కసిరాడు. సైరన్ మోగింది, ఫైరింజన్ వచ్చింది, నురగ చిమ్మారు. సేఫ్టీ ఆఫీసర్ వాచీ చూసుకుని అంతా లక్ష్యం కన్నా ముందే పూర్తయిందని మైకులో ప్రకటించాడు. చప్పట్లు, ఆ తరవాత టిఫిన్లు. గోడ అవతల కిళ్లీకొట్టు ఆమె తలైనా తిప్పలేదు. షిఫ్టు మారేటప్పుడు మోగేదీ అదే సైరన్. "ఏదో పంక్షనట బాబూ" అంది. ఆ రోజు రిపోర్టులో డ్రిల్ విజయవంతం అని రాసుకుని ఉంటారు. ఊరికి ఒక ప్రత్యేకమైన మోత కూడా కేటాయించని డ్రిల్ దేన్ని పరీక్షించినట్టు?

లోపలివాళ్ల సంగతైనా భద్రంగా ఉందా అంటే అదీ లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలిపోయినప్పుడు ఎనిమిది మంది ఆచూకీ ఎంతకీ తేలలేదు. ఇక దొరికే అవకాశం లేదని అధికారులు చివరికి ఆ కుటుంబాలకు చెప్పాల్సి వచ్చింది. అక్కడ పనిచేసినవాళ్లలో బిహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లున్నారు. మన పారిశ్రామిక వాడల్లో గోడకు వేలాడే జాగ్రత్తల బోర్డు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఎవరికి చెబితే గాబరా అన్న ప్రశ్న గోడ లోపలికి కూడా పోయిందన్నమాట.

ఇక చట్టం. దేశభద్రత, వ్యాపార రహస్యం అని గంభీరంగా మాట్లాడేవాళ్లు చట్టం ఏమంటుందో చదివి మాట్లాడితే బాగుంటుంది. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు వచ్చింది 1989లో. ఫ్యాక్టరీ లోపలి ప్రణాళిక యజమాని చెయ్యాలి, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపాలి. గోడ బయటి ప్రణాళిక బాధ్యత జిల్లా యంత్రాంగానిది, ఏడాదికోసారైనా దాన్ని రిహార్సల్ చెయ్యాలి. ఇంతవరకూ అందరూ ఒప్పజెబుతారు. ఆ వెంటనే ఉన్న 15వ నిబంధన దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశమున్న బయటి జనానికి ఆ ప్రమాదం ఎలాంటిదో, జరిగితే ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో తెలియజెయ్యడం అందులో ఉంది. దయతలిచి చెప్పమనలేదు, చెప్పి తీరమంది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు 41బి సెక్షన్ చేర్చి చుట్టుపక్కల జనానికి సమాచారం ఇవ్వాలన్నారు. 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనలు కేంద్రం నుంచి పారిశ్రామిక వాడ దాకా సంక్షోభ బృందాలు పెట్టమన్నాయి. స్థానిక బృందం నెలనెలా కూర్చోవాలి. అందులో సర్పంచి ఉండాలి, డాక్టర్లుండాలి, స్థానిక పత్రికా సంపాదకుడు కూడా ఉండాలి! రహస్యంగా దాచాల్సిన విషయమే అయితే పత్రికవాణ్ని పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టమని ఏ ప్రభుత్వమైనా రాస్తుందా?

సుప్రీంకోర్టు ఇంకా ముందే చెప్పింది. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం లీకైంది. 1986 ఫిబ్రవరిలో ఆ ఫ్యాక్టరీలోని క్లోరిన్ ప్లాంటు మళ్లీ తెరుచుకోవడానికి అనుమతిస్తూ న్యాయమూర్తులు కొన్ని షరతులు పెట్టారు. క్లోరిన్ ఒంటికి ఏం చేస్తుందో, తగిలితే వెంటనే ఏం చెయ్యాలో కార్మికులకూ జనానికీ తెలిసేలా ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ చార్టులు పెట్టమన్నారు. లీకైతే చుట్టుపక్కలవాళ్లను హెచ్చరించి, ఏం చెయ్యాలో చెప్పడానికి ఫ్యాక్టరీ చుట్టూ లౌడ్‌స్పీకర్లు బిగించమన్నారు. భోపాల్ జరిగి పధ్నాలుగు నెలలే అయింది. దేశమంతా నిజంగానే భయంలో ఉన్న ఆ రోజుల్లో కూడా జనం గాబరా పడతారేమోనని కోర్టు సందేహించలేదు.

ట్యాంకుల వివరాలు బయటపెడితే ఉగ్రవాదులకు చేతికిచ్చినట్టే అనే వాదానికి అమెరికాలో ఒక మంచి పరీక్ష జరిగింది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్లో ఒకప్పటి యూనియన్ కార్బైడ్ ప్లాంటు చేతులు మారి బేయర్ కంపెనీకి వచ్చింది. 2008 ఆగస్టు 28 రాత్రి అక్కడ పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. దగ్గరలోనే మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకు ఉంది. అవును, భోపాల్‌లో బయటపడిందే. ఏం జరుగుతోంది, జనాన్ని ఇళ్లలో ఉండమనాలా వద్దా అని అత్యవసర కేంద్రంవాళ్లు ఫోనులో అడుగుతుంటే ప్లాంటు గేటు దగ్గరి మనిషికి వివరం చెప్పే అధికారం లేదు. ఆ తరవాత దర్యాప్తులో కంపెనీ భద్రతా రహస్యం పేరుతో కాగితాలు బయటికి రాకుండా చూసింది. 2009 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ ముందు ఆ కంపెనీ అధిపతే ఒప్పుకున్నాడు, ఆ రసాయనం మీద జనంలో చర్చ లేవకూడదన్న ఉద్దేశం కూడా కొంత ఉందని. మన దగ్గర ఎవరూ అంత నిజాయతీగా ఒప్పుకోరు గానీ, ‘గాబరా’ అనే మాట వెనక దాక్కున్నది సరిగ్గా ఇదే. జనానికి తెలిస్తే పరుగెత్తుతారన్నది కాదు వీళ్ల భయం, ప్రశ్నలడుగుతారని. ఇంత సరుకు ఇక్కడే ఎందుకు నిల్వ చేస్తున్నారు, తక్కువ పెట్టుకోకూడదా, ఆ ట్యాంకుకు చివరిసారి మరమ్మతు ఎప్పుడు చేశారు? కోనసీమలో నగరం ఊరివాళ్లు గ్యాస్ పైపు లీకుల గురించి ముందే మొరపెట్టుకున్నామని చెప్పారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఆ పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. అలాంటి మొరకు కాగితం మీద ఆధారం దొరకడం ఇష్టం లేనివాళ్లకు అజ్ఞానమే అనుకూలం.

భూముల రేట్లు పడిపోతాయి, పెట్టుబడులు పారిపోతాయి అన్న వాదం కనీసం నిజాయతీ గలది, కాబట్టి దాన్ని వెక్కిరించను. రేటు పడొచ్చు. పడితే, ఇన్నాళ్లూ కొన్నవాడికి నిజం చెప్పకుండా ఎక్కువకు అమ్మారని అర్థం. ఇక ఫ్యాక్టరీ ముందొచ్చిందా ఊరు ముందొచ్చిందా అన్న తగువు. వెంకటాపురం దగ్గరి ప్లాంటు 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైనప్పుడు చుట్టూ అంత జనం లేరు, నగరం తరవాత పెరిగి దాని మీదికి వచ్చింది, నిజమే. ఆ ఇళ్లకు ప్లాన్లు మంజూరు చేసిందెవరు, కరెంటిచ్చిందెవరు, పన్ను వసూలు చేసిందెవరు? ఒక్క మంజూరు కాగితం మీదనైనా ఈ గోడ అవతల ఏముందో ఒక్క వాక్యం రాశారా?

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. ఒక్కో ఫ్యాక్టరీకి తెలుగులో ఒక పేజీ చాలు. ఏ రసాయనం ఉంది, ఎలాంటి వాసన వేస్తుంది, ఏ మోత మోగితే ఏమిటి, ఇంట్లోనే తలుపులు బిగించుకోవాలా బయటికి పోవాలా, పోతే ఏ దారి, ఏ స్కూలు దగ్గర చేరాలి, ఏ ఆసుపత్రిలో దానికి వైద్యం తెలుసు. అచ్చు ఖర్చు ఫ్యాక్టరీది. పంచిపెట్టడానికి ఆశా కార్యకర్తలున్నారు, డ్వాక్రా సంఘాలున్నాయి. మాక్ డ్రిల్ ఏడాదికి ఒక్కసారైనా రాత్రి రెండింటికి, ఊరితో కలిపి జరపాలి. మీ వాడకు స్థానిక సంక్షోభ బృందం ఉందా, కిందటి నెల ఎక్కడ కూర్చుంది, అందులో మీ సర్పంచి పేరుందా అని ఆర్డీఓ ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా అడగండి. అడిగితే గాబరా పడేది ఎవరో అక్కడే తెలిసిపోతుంది.